స్వీటు బాగుందట, చేతులు బాగోలేదట

డాక్టరమ్మ జాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారమండి. మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. రావులపాలెం వైపు హైవే మీద ఒక పూతరేకుల షాపులో పని చేస్తున్నాను. పొద్దున్న రేకులు చుట్టడం, మధ్యాహ్నం నుంచి కౌంటరులో ప్యాకింగు. మూడేళ్ల కిందట కుడిచేతి కణుపుల మీద తెల్లమచ్చ మొదలైంది. ఇప్పుడు రెండు చేతులకీ మణికట్టు దాకా పాకింది. పెదవి చివర కూడా ఒకటుంది. దురద లేదు, నొప్పి లేదు. బొల్లి అన్నారు.

మొన్న సంక్రాంతి రద్దీలో కారులో వచ్చినావిడ, నేను డబ్బా కడుతుంటే నా చేతుల వంక చూసి "ప్యాక్ చెయ్యడానికి ఇంకెవరూ లేరా?" అంది. పక్కమ్మాయి కట్టిచ్చింది. సాయంత్రానికి గూగుల్‌లో మా షాపు పేరు కింద ఒక్క స్టార్ ఇచ్చి, "స్వీటు బాగుంది, కానీ చర్మరోగం ఉన్న మనిషి చేత ముట్టిస్తున్నారు, జాగ్రత్త" అని రాసింది. నా చేతుల ఫొటో కూడా పెట్టింది. మొహం పడలేదు గానీ, గాజులు చూసి మా ఊరివాళ్లు పోల్చేశారు.

ఓనరు గారు చెడ్డవారు కాదండి. మా పాప స్కూలు ఫీజుకి అడ్వాన్సు ఇచ్చిన మనిషి. కానీ మర్నాడు పిలిచి, "కొన్నాళ్లు వెనక గదిలో అట్టపెట్టెలు మడుచుకో, జీతం కాస్త తగ్గుతుంది, అంటదని సర్టిఫికెట్టు తెచ్చుకుంటే చూద్దాం" అన్నారు. తోటి పనివాళ్లలో ఒకమ్మాయి నా మంచినీళ్ల గ్లాసు వేరుగా పెట్టింది. మా అత్తగారేమో "చేపలకూర తిన్న రోజు పాలు తాగకే అంటే విన్నావా" అంటారు. గ్లవ్స్ వేసుకోనా? మచ్చలు కనపడకుండా రాసుకునే క్రీము దొరుకుతుందట, రాసుకోనా? పని మానేయనా? ఆ కస్టమరుకి ఏం జవాబు చెప్పాలి?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: చివరి ప్రశ్న ముందు తీసుకుంటానమ్మా. ఆవిడకి మీరేమీ చెప్పక్కర్లేదు. ఫొటో మీ చేతులదే అయినా ఫిర్యాదు షాపు మీద. జవాబు చెప్పాల్సింది ఓనరు గారు. ఆ జవాబు ఆయన దగ్గర కాగితం మీద ఇప్పటికే ఉండాలి కూడా.

ఎలాగంటారా? తినే వస్తువులు తయారుచేసి అమ్మడానికి లైసెన్సు తీసుకున్నవాళ్లు, తమ దగ్గర పనిచేసేవాళ్లందరికీ ఏడాదికొకసారి వైద్యపరీక్ష చేయించాలి. 2011 నాటి ఆహార భద్రత లైసెన్సింగు నిబంధనల్లో ఈ మాట ఉంది. దానికొక ఫారం కూడా ఉంది. అందులో ఒంటి పరీక్ష, కంటి పరీక్ష, చర్మ పరీక్ష, టైఫాయిడ్ లాంటి పేగు జబ్బులకి టీకా, అంటువ్యాధి ఏదైనా ఉందేమోనని అనుమానముంటే దానికి టెస్టు. కింద రిజిస్టర్డ్ డాక్టరు సంతకం. చర్మ పరీక్ష అని విడిగా రాసి ఉంది, చూశారా? ఆ కారావిడ అడిగిన ప్రశ్నని నిబంధన ఎప్పుడో అడిగేసింది. ఓనరు గారి ఫైల్లో మీ పేరు మీద ఆ ఫారం ఉంటే తీయమనండి. లేకపోతే (చాలా చోట్ల ఉండదు, ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటేనే గుర్తొస్తుంది) ఇప్పుడు షాపులో అందరికీ కలిపి చేయించమనండి. పొయ్యి దగ్గర కుండ మీద రేకు తీసేవాళ్లకీ, నెయ్యి కాచేవాళ్లకీ, బిల్లు కొట్టే అబ్బాయికీ, మీకూ. మీ ఒక్కరినే "సర్టిఫికెట్టు తెచ్చుకో" అంటే అది అనుమానం. అందరినీ పంపిస్తే అది షాపు నియమం. "నేనొక్కదాన్నే కాదండి, అందరం వెళ్దాం" అని ఆయనతో మర్యాదగానే అనండి. ఫీజుకి అడ్వాన్సు ఇచ్చిన మనిషంటున్నారు కదా, ఈ మాట ఆయనకి ఎక్కుతుంది.

బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటితే రాజమండ్రి ప్రభుత్వాసుపత్రి మీకు దగ్గర. కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రికి (జీజీహెచ్) వెళ్లినా సరే. చర్మవ్యాధుల ఓపీలో చూపించుకుని, మూడు సంగతులు రాయించుకోండి: ఇది విటిలిగో (బొల్లి) అని, అంటువ్యాధి కాదని, తినే వస్తువుల దగ్గర పనికి అభ్యంతరం లేదని. మూడోది అడిగి మరీ రాయించుకోవాలి. డాక్టర్లం తొందరలో జబ్బు పేరు రాసి వదిలేస్తాం.

ఇక బొల్లి సంగతి. చర్మానికి రంగునిచ్చే కణాలని మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే శత్రువులనుకుని చంపేస్తుంది. రంగు పోయిన చోట తెల్లగా కనిపిస్తుంది. అంతే. అందులో క్రిమి లేదు, పుండు లేదు, రాలే పొట్టు లేదు. పట్టుకుంటే రాదు, తింటే రాదు, ఒకే గ్లాసులో నీళ్లు తాగినా రాదు. ఊరికి నలుగురైదుగురైనా ఉండే జబ్బే ఇది, కొత్తదేం కాదు. కొందరిలో దీనితోపాటు థైరాయిడ్ తేడా కూడా ఉంటుంది కనుక, ఎలాగూ ఆసుపత్రికి వెళ్తున్నారు, టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి.

గ్లాసు వేరుగా పెట్టిన అమ్మాయి మీద నాకు కోపం రావడం లేదు. ఆ పిల్ల భయం బొల్లి గురించి కాదు, కుష్ఠు గురించి. మన వైపు పెద్దవాళ్లు రెండింటినీ కలిపేసి "తెల్లకుష్ఠు" అనడం నేను చెవులారా విన్నాను. కుష్ఠు సర్వేకని ఊళ్లు తిరిగే రోజుల్లో మా చేతిలో ఉండే పరికరం దూదిపోగు. మనిషిని కళ్లు మూసుకోమని, మచ్చ మీద దూది కొసతో తాకి, "ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించండి" అనేవాళ్లం. కుష్ఠు మచ్చ అయితే చాలామందికి తాకినట్టే తెలియదు, వేలు గాల్లోనే ఆగిపోతుంది. పైగా ఆ మచ్చ పాలిపోయి ఉంటుంది గానీ ఇలా సున్నం కొట్టినంత తెల్లగా ఉండదు. బొల్లి ఉన్నవాళ్లయితే తాకీ తాకకముందే ఠక్కున చూపించేసేవారు. మేం ఊళ్లోకి వచ్చామంటే బొల్లి ఉన్న ఆడపిల్లలు వెనకదారిన కొబ్బరితోటల్లోకి వెళ్లిపోయేవారు, మేమెక్కడ పేరు రాసుకుంటామోనని. అంత భయం పాతుకుపోయింది. నిజానికి కుష్ఠు కూడా ఇప్పుడు మందులతో నయమయ్యే జబ్బు. మాత్రలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, మొదలుపెట్టిన కొద్దికాలానికే ఇతరులకి సోకే ప్రమాదం పోతుంది. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలుని కూడా 2019లో చట్టంలోంచి తీసేశారు. అయినా ఆ అమ్మాయికి ఇదంతా మీరు చెప్పుకోవద్దు. ఆసుపత్రికి అందరూ వెళ్లినప్పుడు ఆమెనీ పక్కన నిలబెట్టుకుని, డాక్టరుని గట్టిగా అడగండి, "ఇది అంటుతుందాండీ?" అని. సమాధానం ఆమె చెవిన కూడా పడుతుంది.

అత్తగారి చేపలూ పాలూ సిద్ధాంతానికొస్తే, పొద్దున్న గేదెపాల కాఫీ, మధ్యాహ్నం చేపల పులుసు, రాత్రి పెరుగన్నం తినే మన డెల్టాలో ఆ లెక్కన సగం జనానికి బొల్లి ఉండాలి. దానికీ దీనికీ సంబంధం లేదు. పులుపు మానెయ్యమని, వంకాయ మానెయ్యమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఏదీ మానక్కర్లేదు. అత్తగారితో వాదన పెట్టుకోకండి, మీ పాలు మీరు తాగండి.

వైద్యం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. మొహం మీద మచ్చలకి టాక్రోలిమస్ లాంటి పూతమందులూ, నారోబ్యాండ్ యూవీబీ అనే లైటు వైద్యమూ బాగానే పనిచేస్తాయి. వేళ్ల కొసలూ, కణుపులూ, పెదవులూ మొండివి. రంగు కణాలు తిరిగి పుట్టుకొచ్చేది వెంట్రుక కుదుళ్లలోంచి. వేళ్ల కొసల్లో, పెదవుల మీద ఆ కుదుళ్లే ఉండవు. నెలల తరబడి ఓపిక పట్టాలి. పట్టినా చేతులు పూర్తిగా మునుపటిలా అవుతాయని నేను మాటివ్వలేను. అందుకే మచ్చలు పోయాక కౌంటరుకి వస్తాననే ఒప్పందానికి మాత్రం దిగకండి. ఇంకొకటి: బావంచాల గింజలు నూరి పూసి ఎండలో కూర్చోమనేవాళ్లు మీ చుట్టుపక్కల తప్పకుండా ఉంటారు. అందులో మందు గుణం నిజంగానే ఉంది. సోరాలెన్ అనే పదార్థం దాన్లోదే, మా వైద్యంలోనూ వాడాం. కానీ మోతాదు తెలియకుండా పూసుకుని మన ఎండలో కూర్చుంటే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. బొల్లి ఉన్నవాళ్లకి కాలిన చోట, గీసుకుపోయిన చోట కొత్త మచ్చలు పుట్టే గుణం ఒకటుంది. ఈ లెక్కన వేడికుండ దగ్గర రేకు తీసే పని కంటే, తడిగుడ్డతో రేకుని మెత్తబరిచి నెయ్యి రాసి బెల్లంపొడి చల్లి మడిచే మీ పనే మీ చేతులకి మంచిది. అట్టపెట్టెల అంచులు కోసుకుంటాయి. వెనక గది వద్దనడానికి ఇదీ ఒక కారణమే, ఓనరు గారికి చెప్పండి.

గ్లవ్స్ సంగతి. కౌంటరులో అందరూ వేసుకుంటే మీరూ వేసుకోండి, శుభ్రానికి మంచిదే. మీ ఒక్కరికే ఇస్తే వద్దనండి. అది వేసుకున్న రోజు నుంచి వచ్చిన ప్రతి కస్టమరూ "ఈవిడకే ఎందుకు?" అని చూస్తాడు. వేసుకునే పనైతే రబ్బరువి కాకుండా, తినే వస్తువులకి వాడే పల్చటి ప్లాస్టిక్కువి తెప్పించమనండి. 1939లో అమెరికాలో తోళ్లశుద్ధి ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకి చేతులూ ముంజేతులూ తెల్లబడుతుంటే డాక్టర్లు ఆరా తీశారు. వాళ్లు తొడుక్కునే రబ్బరు గ్లవ్స్‌లో రబ్బరు పాడవకుండా కలిపిన ఒక రసాయనం రంగు కణాల్ని చంపుతోందని తేలింది. దాన్ని తర్వాత చర్మవైద్యంలో మందుగా కూడా వాడారు. ఆ జాతి రసాయనాలే స్టిక్కర్ బొట్టు జిగురులోనూ ఉండొచ్చు. నుదుట సరిగ్గా బొట్టంత తెల్లమచ్చతో వచ్చినవాళ్లని చూడని చర్మ డాక్టరు మన రాష్ట్రంలో ఉండరు. మీరూ కుంకుమ పెట్టుకోండి, స్టిక్కరు మానేయండి. చెప్పుల స్ట్రాపుల జిగురుతో కూడా ఒక కన్నేసి ఉండండి.

మచ్చలు కప్పే క్రీము పెళ్లికో పేరంటానికో వెళ్తే రాసుకోండి, ఎవరు కాదన్నారు? పనిలో ఉన్నప్పుడు మాత్రం చేతులకి వద్దు. నెయ్యి తగలగానే అది కరిగి రేకుకి అంటుకుంటుంది. ఇప్పుడు ఆవిడ ఫిర్యాదులో పస లేదు, అప్పుడు ఉంటుంది.

అసలు ఆ ఒక్క స్టారులో రెండు సంగతులున్నాయి. ఒకటి, ఇది అంటుతుందేమో అన్న భయం. అది అడగదగ్గ ప్రశ్నే, డబ్బులిచ్చి తినేవాళ్లకి అడిగే హక్కుంది, జవాబు పైన చెప్పాను. రెండోది, చూడ్డానికి నాకు బాగోలేదు అన్నది. దానికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు, ఉండక్కర్లేదు. నోట్లు లెక్కపెట్టిన చేత్తోనే స్వీటు తీసి ఇచ్చేవాళ్లని ఎవరూ ఫొటో తీయరు. ముక్కు తుడుచుకుని డబ్బా మూత పెట్టేవాణ్ణి తీయరు. నిజంగా భయపడాల్సినవి అవి.

రివ్యూ కింద ఓనరు గారు జవాబు రాయొచ్చు. ఆయనకి మాటలు తోచకపోతే ఇవి ఇవ్వండి: "మా షాపులో పనిచేసే అందరికీ డాక్టరు చేత పరీక్ష చేయించాం. మీరు ఫొటో తీసిన మా సిబ్బందికి ఏ అంటువ్యాధీ లేదు. ఆమె మా దగ్గర ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు, ఇకముందూ చేస్తారు. అడగకుండా తీసిన ఆమె ఫొటో దయచేసి తీసేయండి." జబ్బు పేరు ఇందులో కావాలనే పెట్టలేదు. పెట్టాలంటే మీరు ఒప్పుకోవాలి, ఓనరు ఒప్పుకుంటే చాలదు. పరీక్ష చేయించాకే ఇది పెట్టమనండి సుమా, ముందే పెడితే అబద్ధమవుతుంది. సర్టిఫికెట్టు గోడకి అంటించే ఆలోచన ఎవరికైనా వస్తే వద్దనండి. అది ఫైల్లో ఉండాలి, అధికారులు అడిగితే చూపించాలి. ఫొటో తీసేయమని గూగుల్‌కి రిపోర్టు కొట్టే వీలు రివ్యూ పక్కనే ఉంటుంది. మీ పాపకి చెబితే నిమిషంలో చేసేస్తుంది.

చట్టం మాట కూడా. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 21 రకాల వైకల్యాలున్నాయి అందులో. కుష్ఠు నయమైనవాళ్లున్నారు, యాసిడ్ దాడి బాధితులున్నారు, బొల్లి లేదు. కాబట్టి ఆ దారి మీకు లేదు. మరి ఏముంది? మన రాష్ట్రపు దుకాణాలు, సంస్థల చట్టం, 1988. ఆరు నెలలకి తక్కువ కాకుండా వరసగా పనిచేసినవాళ్లని తగిన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయకూడదని అందులో ఉంది. చిన్న షాపులకి అది ఇప్పుడు ఎంతవరకు వర్తిస్తుందో లేబర్ ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. మీ అంతట మీరు మానేస్తే ఈ రక్షణ పోతుంది, అందుకే మానొద్దంటున్నాను. జీతం తగ్గిస్తే ఎంత తగ్గించారో, ఏ తేదీ నుంచో ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. ఫోన్‌పేలో వేసేవారైతే ఆ వివరాలు చెరిపేయకండి. మాటతో తెమలకపోతే అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు దగ్గరికి ఆ నోట్‌బుక్కు, డాక్టరు కాగితం పట్టుకెళ్లండి. కానీ మీ ఉత్తరం చదివితే అంతదాకా వెళ్తుందని నాకు అనిపించడం లేదు. ఆయన భయమంతా వ్యాపారం గురించి. చేతికి కాగితం అందితే ఆయనకీ ఊపిరాడుతుంది.

ప్రశ్న: మేడమ్, మాది భీమవరం దగ్గర. మా ఆవిడ రొయ్యల ప్లాంటులో తలలు తీసే లైన్లో పనిచేస్తుంది. రోజంతా ఐసు నీళ్లు, మధ్యమధ్యలో క్లోరిన్ నీళ్లలో చేతులు ముంచడం. వేళ్ల సందులు ఒరిసిపోయి పగుళ్లు, గోరు చుట్టూ చీము. సూపర్‌వైజరు అందరి ముందూ "ఛీ, ఏం చేతులివి, లైన్లోంచి దిగు" అన్నాడట. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గుతుంది, మానితే మళ్లీ వస్తుంది. వాడి మీద కంప్లైంట్ పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, పశ్చిమగోదావరి

జవాబు: పెట్టొచ్చు, వాడిన మాట మీద. దింపిన పని మీద కాదు. పై ఉత్తరం రాసినావిడ చేతులు వేరు, మీ ఆవిడ చేతులు వేరు. తెరుచుకున్న పుండు, చీము ఉన్న చేత్తో తినే వస్తువు ముట్టకూడదు, అది ఎగుమతి రొయ్య అయినా మనింటి రొయ్య అయినా. ఆ చీములోని క్రిములు తిండిలో చేరితే తిన్నవాళ్లకి వాంతులు పట్టుకుంటాయి. దింపడం సబబే. "ఛీ" అనడం సబబు కాదు, ఎందుకంటే ఆ చేతుల్ని అలా చేసింది వాళ్ల లైనే. చల్లటి నీళ్లు, క్లోరిన్, నల్లబడకుండా వాడే మెటాబైసల్ఫైట్, రొయ్య పెంకు గుచ్చుళ్లు, రొయ్య రసంలోని మాంసకృత్తులు, అన్నీ కలిసి చర్మాన్ని తినేస్తాయి. గోరు చుట్టూ నానితే బూజు జాతి క్రిమి కూడా చేరుతుంది.

మానేదాకా పొడి పని, అంటే లేబుళ్లు అతికించడమో, కార్టన్ల లెక్కో ఇమ్మని అడగండి. జీతంలోంచి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) చందా కోస్తున్నారేమో పే స్లిప్పులో చూడండి. పదిమందీ ఆ పైన పనిచేసే చోట, నెలకి 21,000 రూపాయలకి మించని జీతమైతే కోయాలి. కార్డుంటే డాక్టరు రాసిచ్చిన సెలవు రోజులకి, నిర్ణీత కాలం చందా కట్టి ఉంటే, జీతంలో 70 శాతం వస్తుంది. ఏడాదికి 91 రోజుల వరకూ ఇస్తారు. పని వల్లే వచ్చిందని ఈఎస్ఐ డాక్టరుతో చెప్పి, ఆ మాట చీటీలో రాయించండి.

తిరిగి లైనెక్కాక గ్లవ్స్ లోపల పల్చటి నూలు గ్లవ్స్ తొడుక్కుని, తడిసినప్పుడల్లా మార్చుకోవాలి. డ్యూటీ దిగగానే మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు గుడ్డతో ఒత్తి ఆరబెట్టి, వ్యాజిలిన్ పట్టించాలి. ఇంట్లో అంట్లు, బట్టలు కొన్నాళ్లు మీరు చూసుకోండి. సబ్బునీళ్లు కూడా పడవు ఆ చేతులకి.

ఆ ట్యూబు మాత్రం ఆపేయాలి. రాస్తే తగ్గడం, మానితే రావడం అంటున్నారంటే, దాన్లో స్టెరాయిడ్ ఉందని నాకు గట్టి అనుమానం. అది పైపైన ఎరుపు తగ్గించి అడుగున బూజుని పెంచుతుంది, చర్మం పల్చనైపోతుంది. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ పట్టుకెళ్లండి, ఖాళీవైనా సరే.